తమ కథను తామే చెప్పుకొనిన సభలు

ప్రతి సంవత్సరము ఫిబ్రవరి మాసములో అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఊరూర కొన్ని ఉపన్యాస సభలు జరుగుచుండును. గ్రంథాలయములో ఒకటి, చర్చికి చేరిన మందిరములో ఒకటి, పాఠశాల సభాశాలలో మరియొకటి. వక్త పెద్ద విద్వాంసుడే కానక్కరలేదు. ఊరి చరిత్రను శోధించిన ఉపాధ్యాయురాలు కావచ్చును; ఉద్యోగము విరమించిన గుమాస్తా కావచ్చును; తన ముత్తవ్వ పేరును పాత దస్తావేజులలో వెదకి పట్టుకొనిన గృహిణి కావచ్చును. విషయము మాత్రము ఒక్కటే: ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారి చరిత్ర, ఆ బానిసత్వము విడిచిపోయిన జాడలు. పిల్లలను వెంటబెట్టుకొని తల్లిదండ్రులు వత్తురు. ఉపన్యాసము ముగిసిన పిమ్మట ప్రశ్నలడుగుదురు. ఒక్కొక్కప్పుడు ఉపన్యాసముకంటె ఆ ప్రశ్నలే విలువగలవిగా ఉండును.

ఈ ఆచారము ఎట్లు పుట్టినదో, ఆ సభలలో ఏమి చెప్పుదురో మన పాఠశాల పిల్లల తల్లిదండ్రులకు వివరింపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను. భాషా మైనారిటీ పాఠశాలకు బిడ్డలను పంపువారము గనుక ఇందులో ఒక ముక్క మనకు వెంటనే బోధపడును. పాఠ్యపుస్తకమంతయు తిరుగవేసినను తనవారి ఊసు ఎక్కడను కనబడని బిడ్డ మనస్సు ఎట్లుండునో మనమెరుగుదుము. అయితే పోలిక అంతవరకే. మన పెద్దలు తమ భాషను, ఇంటిపేర్లను, ఇలవేల్పులను వెంటబెట్టుకొని వలస వచ్చిరి. ఆ ఆఫ్రికా వారికి పేరు సయితము మిగులనీయలేదు.

మాట వరుసకు అన్నది కాదు. 16వ శతాబ్దినుండి 19వ శతాబ్ది నడుమవరకు సుమారు 1 కోటి 25 లక్షల మందిని ఆఫ్రికా తీరమున ఓడలెక్కించిరని పరిశోధకులు ఓడల పద్దులనుబట్టి లెక్కగట్టిరి. అందు ప్రాణములతో అమెరికా ఖండములలో దిగినవారు సుమారు 1 కోటి 7 లక్షలు. తక్కినవారు త్రోవలోనే మరణించిరి. దిగినవారిలో పెక్కుమంది బ్రెజిలుకును, కరీబియన్ దీవుల చెరకుతోటలకును పోయిరి. నేడు సంయుక్త రాష్ట్రములనబడు నేలకు నేరుగా వచ్చినవారు 4 లక్షలకు లోపే. కాని బానిస తల్లికి పుట్టిన బిడ్డ బానిసయేయని వర్జీనియాలో 1662లోనే చట్టము చేసిరి. తక్కిన ప్రాంతములును ఆ త్రోవనే నడచినవి. అందువలన 1860 నాటికి అక్కడి బానిసల సంఖ్య దాదాపు 40 లక్షలైనది. ఆ సంవత్సరపు జనాభా లెక్కలలో బానిసలకు ప్రత్యేకముగా ఒక పట్టిక కలదు. దానిలో యజమాని పేరుండును. ఆ పేరు క్రింద వరుసగా వయస్సు, స్త్రీయో పురుషుడో, శరీరపు రంగు. పేరు వ్రాయుటకు గడియే లేదు. 1865లో బానిసత్వము రద్దయిన తరువాత, 1870 లెక్కలలో మాత్రమే ఆ లక్షలాది జనుల పేర్లు మొదటిసారి కాగితమునకెక్కినవి. నేడు తన వంశమును వెదకు నల్లవాడు ఒక్కొక్క తరమే వెనుకకు నడచి వచ్చి 1870 దగ్గర గోడకు తగిలినట్లు ఆగిపోవును. ఆ గోడ ఆవల ఏమున్నదో చెప్పుటయే ఈ స్థానిక సభల ముఖ్యమైన పని.

ఈ విధముగా సభలో నిలువబడి తన కథ చెప్పుట బానిసత్వపు కాలముననే ఆరంభమైనది. వారిలో అగ్రగణ్యుడు ఫ్రెడరిక్ డగ్లస్. మేరీలాండు రాష్ట్రములో 1818లో బానిసగా పుట్టెను. తన పుట్టినదినమేదో ఆయన ఎరుగడు. తరువాత ఫిబ్రవరి 14ను తానే ఎంచుకొనెను. బాల్టిమోరులో యజమానురాలు జాలిపడి అక్షరములు నేర్ప మొదలిడగా, చదువు వచ్చిన బానిస చేతిలో నిలువడని భర్త మాన్పించెను. తక్కిన చదువు ఆయన వీధి పిల్లలవద్ద నేర్చెను. 1838లో తప్పించుకొని ఉత్తరాది రాష్ట్రములకు పోయి, 1841లో నాన్‌టుకెట్ ద్వీపమున జరిగిన సభలో మొదటిసారి తెల్లవారి యెదుట మాటాడెను. అది మొదలు ఊరూర ఉపన్యాసములే.

ఇక్కడ ఒక చిత్రము జరిగెను. ఆయన మాట ఎంత చక్కగా ఉండెననిన, ఇట్టివాడు బానిసగా ఉండెనా, కల్ల కాదుగదాయని శ్రోతలు కొందరు శంకించిరి. ఆ శంక తీర్చుటకు 1845లో ఆయన తన జీవితమును పుస్తకముగా వ్రాసి, యజమానుల పేర్లు, తోటల పేర్లు, ఊళ్ల పేర్లు అన్నియు అచ్చువేసెను. నిజము రుజువైనది, దానితోపాటు యజమానికి జాడయు తెలిసినది. పట్టుబడుదునను భయమున ఆయన ఇంగ్లండుకు పోవలసి వచ్చెను. అక్కడి స్నేహితులు చందాలు వేసుకొని 1846లో ఆయన స్వేచ్ఛను యజమానివద్ద కొనిరి. తన కథకు తాను సాక్ష్యము చూపుటకు అంత వెల చెల్లింపవలసి వచ్చినది.

1852లో రోచెస్టరు పట్టణపు స్త్రీల సంఘము వారు స్వాతంత్ర్యదినోత్సవ సందర్భమున ఆయనను ఉపన్యాసమునకు పిలిచిరి. ఉత్సవము జూలై 4న. ఆయన మాటాడినది జూలై 5న, కొరింథియన్ హాలులో. పిలిచినవారి పండుగలో తన జాతికి పాలు లేదని, లక్షలాది జనులను సంకెలలో నుంచి స్వేచ్ఛను కొనియాడుట వంచనయని ఆయన వారి ముఖము మీదనే చెప్పెను. వినినవారు కోపింపలేదు, మెచ్చుకొనిరి. ఆ స్త్రీలను గూడ మెచ్చుకొనవలెనని నాకు తోచును. నేటికిని మసాచుసెట్స్ రాష్ట్రములో అనేక ఊళ్లలో వేసవియందు జనులు ఒకచోట కూడి ఆ ఉపన్యాసమును మరల చదువుదురు. ఒక్కడే చదువుట కాదు. ఒకరి తరువాత ఒకరు లేచి ఒక్కొక్క ఖండికను చదువుదురు. బడి పిల్లవాడు చదివిన తరువాత న్యాయవాది చదువవచ్చును. నల్లవాడు విడిచిన చోటనుండి తెల్లవాడు అందుకొనవచ్చును.

అయితే ఈ సభలను ఏటేట జరుగు నియమముగా చేసినవాడు కార్టర్ వుడ్సన్. ఈయన పేరు మన దేశములో అంతగా వినబడలేదు. కొంచెము వివరముగా చెప్పుట అవసరము. 1875లో వర్జీనియాలో పుట్టెను. తల్లియు తండ్రియు బానిసలుగా ఉండి విడుదలైనవారు. ఇల్లు జరుగుట కష్టమై బాలుడు వెస్ట్ వర్జీనియా బొగ్గుగనులలో పనికి చేరెను. అక్కడ ఆలివర్ జోన్స్ అను గనికార్మికుడు ఉండెను. అంతర్యుద్ధములో సైనికుడుగా పోరాడిన నల్లవాడు, చదువు రాదు. కాని పుస్తకములన్న ప్రాణము. తన యింటిలో ఒక గదిని తోడి కార్మికులకొరకు విడిచి, పండ్లు, ఐస్‌క్రీము అమ్ముచు, పత్రికలు తెప్పించెడివాడు. వాటిని చదివి వినిపించుటకు వుడ్సన్‌ను పెట్టుకొనెను. జీతము లేదు, పండ్లు, ఐస్‌క్రీము ఉచితము. పగలంతయు గనిలో పనిచేసి వచ్చినవారు సాయంకాలము కూర్చుండి పత్రిక వినుచు, తాము పాల్గొనిన యుద్ధములను, తాము చూచిన బానిసత్వమును తలచుకొని వాదులాడుకొనెడివారు. పిల్లవాడు చదువుచు వినుచుండెను. నల్లవారి చరిత్రయందు తనకు ఆసక్తి కలిగినది ఆ గదిలోనేయని వుడ్సన్ పెద్దవాడైన తరువాత చెప్పెను.

ఇరువదియేండ్ల వయస్సున హంటింగ్టనులోని ఉన్నత పాఠశాలలో చేరెను. ఆ పాఠశాలకు డగ్లస్ పేరే పెట్టియుండిరి. రెండేండ్లలోపున చదువు ముగించి, కొన్నియేండ్లకు అదే పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యెను. ఫిలిప్పైన్ దీవులలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. 1912లో హార్వర్డు విశ్వవిద్యాలయమున చరిత్రలో డాక్టరు పట్టము పొందెను. అంతకుముందు అక్కడ ఆ పట్టము పొందిన నల్లవాడు డుబాయిస్ ఒక్కడే. హార్వర్డులో వుడ్సన్‌కు నేర్పిన పండితులలో, నల్లవారికి చెప్పుకొనదగిన చరిత్ర లేదని నమ్మినవారు ఉండిరి. ఉపాధ్యాయుడు అట్లనుట కొందరి పిల్లలను అణచివేయును. కొందరిని జీవితాంతము పనికి పురికొల్పును. పోర్టోరికోలో పుట్టిన ఆర్తురో షాంబర్గ్‌కు బడిలో ఇట్టి మాటయే వినబడెనని చెప్పుదురు. ఆయన ఉద్యోగము చేసుకొనుచు నల్లవారు వ్రాసిన పుస్తకములను, చిత్రములను వేలకొలది కూడబెట్టెను. 1926లో న్యూయార్కు నగర గ్రంథాలయము వారు ఆ భాండారమును కొని హార్లెములోని శాఖయందుంచిరి. నేడది ఆయన పేరనే వెలయుచున్నది.

వుడ్సన్ 1915లో షికాగోలో ‘నీగ్రో’ జనుల జీవితమును, చరిత్రను అధ్యయనము చేయుటకు ఒక సంఘమును స్థాపించెను. ఆ మాటను నేడు అక్కడివారు వాడరు. ఆనాడు సంఘము పేరులో అట్లుండెను గనుక ఇక్కడ వ్రాసితిని. మరుసటి యేడు త్రైమాసిక పత్రిక వెలువడినది. పండితులకు పత్రిక సరిపోవును. గనికార్మికునికి, వంటమనిషికి, బడి పిల్లవానికి సరిపోదు. అందువలన 1926 ఫిబ్రవరిలో చరిత్ర వారోత్సవము ఆరంభించెను. డగ్లస్ జన్మదినము 14, బానిసత్వమును రద్దుపరచిన అధ్యక్షుడు లింకను జన్మదినము 12. నల్లవారు ఆ రెండు దినములను ముందునుండియే పండుగగా చేసికొనుచుండిరి. వుడ్సన్ ఉన్న ఆచారమునకు క్రొత్త పని అప్పగించెను. మొదటి యేడే నార్త్ కరోలినా, డెలావేర్, వెస్ట్ వర్జీనియా రాష్ట్రముల విద్యాశాఖలును, బాల్టిమోరు, వాషింగ్టను నగరముల పాఠశాలాధికారులును సహకరించిరి. సంఘమువారు పటములు, పాఠముల ప్రణాళికలు, పిల్లలాడదగిన చిన్న నాటికలు సిద్ధపరచి ఊరూరికి పంపిరి. 1937లో మేరీ మెక్లియడ్ బెతూన్ ప్రోత్సాహమున ఉపాధ్యాయులకును పిల్లలకును పనికివచ్చు వేరొక పత్రికయు బయలుదేరెను.

ఆయనకు ఒక వేదన ఉండెను. వారోత్సవము ప్రసిద్ధి కాగానే, చరిత్ర చదువని వాచాలురు వేదికలెక్కి గర్జింప మొదలిడిరి. అట్టివారిని పిలువవద్దని ఆయన పాఠశాలలను హెచ్చరించెను. ఏడాది పొడవున తరగతిలో నేర్చినదానిని ఆ వారములో పిల్లలు చూపవలెనేగాని, ఒక వారము చప్పట్లు కొట్టి యాబదియొక్క వారములు మరచుట ఆయన అభిమతము గాదు. 1950లో ఆయన మరణించెను. 1976లో వారము మాసమైనది. ఇంగ్లండులో 1987నుండి అక్టోబరులో ఇట్టి మాసమును జరుపుచున్నారు.

ఇక ఆ సభలలో చెప్పునది ఏమి? మంచి సభలలో ఆవేశము తక్కువ, కాగితము ఎక్కువ. వక్త ఒక వీలునామాను చదువును: ఫలానావాడు చనిపోవుచు గుర్రములను పెద్దకొడుకునకు, ‘సారా’ అను పిల్లను చిన్నకూతురునకు ఇచ్చెను అని అట్టి కాగితములలో వ్రాసియుండును. పేరులేని జనాభా పట్టికను ఆ వీలునామా ప్రక్కనుంచి, వయస్సులు సరిపోల్చి, ఈ పదియేండ్ల ఆడపిల్ల సారాయే కావచ్చునని చూపును. మరియొక ఆధారము విడుదలైనవారికొరకు 1865లో స్థాపించిన పొదుపు బ్యాంకు పద్దులు. ఖాతా తెరచునప్పుడు తలిదండ్రుల పేర్లు, తోబుట్టువుల పేర్లు, పూర్వపు యజమాని పేరు అడిగి వ్రాసికొనెడివారు. చివరి నెలలలో డగ్లసే దానికి అధ్యక్షుడు. తన సొమ్ము పెట్టినను నిలుపలేకపోయెను. 1874లో బ్యాంకు మూతపడినది. 60 వేలకు పైగా ఖాతాదారులు, చాకలివారు, కూలివారు, సైనికులు, కూడబెట్టినదానిని పోగొట్టుకొనిరి. డబ్బు పోయినది, పద్దులు మిగిలినవి. మునిమనుమలు నేడు తమ వంశము వెదకుకొనునది ఆ పద్దులలోనే.

బానిసత్వపు జాడలు అనగా సభలలో ఎక్కువగా వినబడునది ఇట్టి లెక్కలే. వాషింగ్టను నగరములో 1862లో బానిసలను విడుదల చేసినప్పుడు ఒక్కొక్కరికి 300 డాలర్ల వరకు పరిహారమిచ్చిరి; ఇచ్చినది యజమానులకు. 1865 జనవరిలో సేనాని షెర్మను, విడుదలైన కుటుంబములకు 40 ఎకరముల వంతున భూమి ఇయ్య నాజ్ఞాపించెను. ఆ యేడే అధ్యక్షుడు జాన్సను ఆ భూమిని పాత యజమానులకు తిరిగి ఇప్పించెను. 1930 తరువాతి కాలములో ప్రభుత్వ సంస్థ ఒకటి నగరముల పటములు గీయించి, నల్లవారి పేటలకు ఎర్రరంగు వేయించినది. అట్టి పేటలలో ఇల్లు కట్టుకొనుటకు అప్పు పుట్టుట కష్టమైనది. ఇట్టి ఉపన్యాసములో వక్త ఆ ఊరి పటమునే తెరపై చూపును. వినువారు తమ వీధిని వెదకుకొందురు.

ఈ కథలో ఒక పాయ మన తెలుగుదేశమునకును వచ్చి చేరుచున్నది. బ్రిటిషు పార్లమెంటు 1833లో తన సామ్రాజ్యములో బానిసత్వమును రద్దుచేయుచు, యజమానులకు 2 కోట్ల పౌనుల పరిహారము నిర్ణయించినది. బానిసలకు కాసు లేదు. మారిషసు ద్వీపములో 1835 ఫిబ్రవరి 1న విడుదల జరిగినది. చెరకుతోటల దొరలు పనివారికొరకు మన దేశమువైపు చూచిరి. 1834 మొదలు ఒప్పంద కూలీలుగా ఆ ద్వీపమునకు పోయిన భారతీయులు దాదాపు 4 లక్షల 50 వేలు. అందు గోదావరి, విశాఖ మండలముల తెలుగువారును కలరు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేర వారిని అక్కడ కోరంగీలనిరి. ఫ్రెంచివారి రెయూనియను ద్వీపమునకు యానాం తెలుగువారు కొందరు 1828లోనే పోయిరి. అక్కడ బానిసత్వము 1848లోగాని రద్దు కాలేదు. మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను చేరినది.

ఒప్పంద కూలీతనము బానిసత్వమే అనుట సరికాదు. దానికి గడువు ఉండెను. బిడ్డలు పుట్టుకతో కట్టుబానిసలు గారు. అన్నిటికంటె, ఓడ పద్దులో కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు, కులము వ్రాసియుండిరి. కాబట్టి మారిషసులోని తెలుగు బిడ్డ తన తాత బయలుదేరిన ఊరిని వెదకుకొనగలడు. అతని పొరుగున నున్న ఆఫ్రికా సంతతి బిడ్డకు ఆ వీలు అరుదు. మారిషసు ప్రభుత్వము ఫిబ్రవరి 1ని, కూలీల మొదటి ఓడ చేరిన నవంబరు 2ను రెంటిని సెలవు దినములుగా పాటించుచున్నది. ఇది నాకు ఉచితముగా తోచును.

పిల్లలకు ఇంత బాధాకరమైన చరిత్ర చెప్పవచ్చునా అని తల్లిదండ్రులకు సందేహము కలుగుట సహజము. అమెరికాలోను ఈ వివాదము తీరలేదు. కొన్ని రాష్ట్రములలో 2021నుండి తరగతి గదులలో జాతి విషయములు బోధించుటపై కట్టుబాట్లు విధించిరి. 2023లో ఫ్లోరిడా విద్యాధికారులు అంగీకరించిన పాఠ్య నియమములలో, బానిసలు నేర్చిన పనులు కొన్ని యెడల వారి స్వలాభమునకు ఉపయోగపడెనను మాట చేరగా పెద్ద గగ్గోలు పుట్టినది. నా మట్టుకు, చిన్నపిల్లలకు సంకెళ్లతో ఆరంభింపరాదు. ఒక పేరుతో, ఒక ఇంటితో, ఒక తల్లితో ఆరంభింపవలెను. వుడ్సన్ పంపిన పాఠములలో ఆఫ్రికా రాజ్యములు, వృత్తులు, వీరులు, కవులు ముందుండిరి. అట్లని సంకెళ్లను దాచుట తగదు. పిల్లవాడు బడిలో విననిది వీధిలో వినును. వీధిలో వినినది సగమే నిజమై ఉండును.

ఫ్లోరిడాలో నల్లవారి చర్చిలు కొన్ని ఆ సంవత్సరము తామే ఈ చరిత్రను బోధింప బూనినవి. చర్చి ఈ పని చేయుట క్రొత్త గాదు. న్యూ ఓర్లీన్స్ నగరములో ఒక క్రైస్తవ పత్రిక 1879నుండి కొన్ని దశాబ్దములపాటు ‘తప్పిపోయిన ఆప్తులు’ అను అర్థము వచ్చు శీర్షికతో ప్రకటనలు వేసెడిది. బానిస సంతలలో విడిపోయినవారు వ్రాయించిన ప్రకటనలవి. చందాదారులకు ఉచితము, తక్కినవారికి అర డాలరు. అచ్చు చదువలేనివారే అధికము గనుక, వాటిని ఆదివారము సభలో చదివి వినిపింపుడని పత్రికవారు పాదరులను కోరిరి. నా తల్లి పేరిది. మా యజమాని ఫలానా. ఫలానా యేట నన్ను ఫలానా వర్తకునికి అమ్మిరి. అప్పుడు నా తమ్ముడు చంటివాడు. ఎవరైనను ఎరిగినచో ఈ చిరునామాకు వ్రాయుడు. ఈ ధోరణిలో నాలుగైదు పంక్తులు, అంతే. తలవెండ్రుకలు నెరసిన తరువాత తల్లిని వెదకినవారు వారిలో పెక్కుమంది. ఆ నగరములోని చారిత్రక సంగ్రహాలయమువారు ఆ ప్రకటనలలో సుమారు 2,500 సేకరించి, పేరునుబట్టి వెదకుకొనుటకు వీలుగా అందరికిని ఉచితముగా అందుబాటులోనుంచిరి.